సొంత మందనే కరిచిన కాపలా

మా చెల్లెలు మల్లమ్మ మనుమరాలు సునీత నల్లగొండలో డిగ్రీ చదువుతున్నది. పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. చెప్పులు ఇంకా విడవనే లేదు, గుమ్మంలోనే అడిగింది.

"తాతా, నీ రొమ్ము కోసినప్పుడు నీకు భయం కాలేదా?"

ఆమె ఎడమ కంటి రెప్ప సగానికి వాలి ఉంది. దాన్ని చూశాక, ఒకప్పుడు నాకొచ్చిన జబ్బే ఆమెకూ వచ్చిందని తెలుసుకోవడానికి ఇంకే కాగితాలూ చూడాల్సిన పని లేకపోయింది. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథి తీసేస్తే మంచిదని డాక్టర్లు చెప్పారట. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్ల తిండి సరిగా తినడం లేదని, వెంట వచ్చిన వాళ్ళమ్మ, మల్లమ్మ కోడలు, కళ్ళొత్తుకున్నది.

"అయింది" అన్నాను.

"ఎంత అయింది?"

నోటితో చెబితే కుదరదనిపించింది. రాసిస్తానన్నాను. నేను చదువుకునే రోజుల నుంచి డైరీ రాసే మనిషిని. ఆ ఏళ్ళ డైరీలు పక్కన పెట్టుకొని, కావలసినంత మేరకే తీసి రాస్తున్నాను. జబ్బు సంగతులు డాక్టర్లు చెబుతారు. అది లోపలి నుంచి ఎట్లా ఉంటుందో, ఇంటిని ఏం చేస్తుందో, అంతవరకే నాకు తెలుసు.

*1957, వానాకాలం*

అప్పుడు నేను దేవరకొండ మిడిల్ స్కూల్లో లెక్కల పంతులుని. పొద్దున క్లాసుల్లో నాకు ఏ లోటూ ఉండేది కాదు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక మొదలయ్యేది. బోర్డు మీద నేను రాసిన అంకెల వరుస ఒకటి కాస్తా రెండయ్యేది. రెప్పలు ఎవరో కిందికి లాగుతున్నట్టుండేవి. తల వెనక్కి వంచి, రెప్పల కింది సందులోంచి పిల్లల్ని చూస్తూ పాఠం చెప్పేవాణ్ణి. చివరి గంటకు గొంతు ముక్కులోకి పోయేది.

ఒకనాడు హెడ్మాస్టర్ నన్ను తన గదికి పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

"ఏం రాములూ, కల్లు దుకాణం కాడ ఆగొచ్చినవా?"

"లేదు సార్."

"కండ్లు జూస్తె మూతలు వడుతున్నయ్. నాలిక మడతవడుతాంది. జర నోరు తెరువు."

తెరిచాను. ఆయన వాసన చూశారు. ఆ మధ్యాహ్నం నేను తిన్నది జొన్న గటక, మజ్జిగ. ఆయన ముఖం నాకన్నా ఎక్కువగా వాడిపోయింది. తలుపు తెరిచారు. మర్నాడు చూస్తే టైంటేబుల్ మారి ఉంది. నా గంటలన్నీ పొద్దుటికి వచ్చాయి, మధ్యాహ్నం గంటలకు ఎదురుగా ఆయన పేరు ఉంది.

మాది గొర్రెల కాపరుల కుటుంబం. మా బాపు ఊళ్ళో మంద దగ్గరే ఉండేవాడు. ఆదివారం పోయి సంగతి చెబితే మొదట నవ్వాడు.

"ఒక్కటి రెండు లెక్క కనవడుతాందా? మరి రోజూ మాపటికి వచ్చి మందను జూడు. ఊళ్ళె మనకన్న గొప్పోడు ఉండడు."

తర్వాత నా గడ్డం పట్టి పైకెత్తి, రెప్పల్ని బొటనవేలితో తెరిచి చూశాడు. గొర్రెకు ఒంట్లో బాగాలేకపోతే చూసే పద్ధతి అదే. గొర్రె మెడ వాల్చేస్తే మాలో కొడవలి కొన కాల్చి వాత పెడతారు. అట్లా లేచి నిలబడిన గొర్రెల్ని నేను చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణే. అందుకే పెట్టు బాపూ అన్నాను. రెండు కనుబొమల మీదా పెట్టాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి రెప్పలు రెండూ పూర్తిగా తెరుచుకున్నాయి. బాపు మంద దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ వాలాయి. వాత లోతుగా పడలేదని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పొద్దున తెరుచుకున్నాయి. ఈ జబ్బులో రాత్రి పడుకొని లేస్తే ఎవరి రెప్పలైనా కాస్త లేస్తాయని, అది వాత గొప్ప కాదని మాకు తెలియదు. పొద్దుటి గుణాన్ని నమ్మి ఆ ఏడాది ఎన్ని వాతలు పెట్టించుకున్నానో! సునీతా, నా కనుబొమల మీద నువ్వు చిన్నప్పుడు వేలు పెట్టి అడిగేదానివి కదా, ఆ మచ్చలు ఇవే. పొద్దున బాగుంటే జబ్బు పోయిందనుకోకు. సాయంత్రం ఎట్లా ఉందో చూసి మాట్లాడు.

*1959, చలికాలం*

మా ఆవిడ యాదమ్మ నాకు మేనమామ బిడ్డ. మాటలో పదును, చేతిలో ఓపిక ఉన్న మనిషి. ఆ రెండేళ్ళలో నేను నమలలేకపోతుంటే రొట్టె పాలలో నానబెట్టి, వేళ్ళతో మెదిపి పెట్టేది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. "తాగే నీళ్ళు తాగు, ముక్కు కడుక్కునేటివి వేరే పోస్త" అనేది. నవ్వించడానికే అనేది. నేను నవ్వబోతే మూతి పక్కలు పైకి లేచేవి కావు. పళ్ళు మాత్రం బయటపడేవి. అద్దంలో చూసుకుంటే కోపంగా ఉన్న మనిషి కనిపించాడు. అప్పటి నుంచి ఎవరి ముందూ నవ్వడం మానుకున్నాను.

ఆ చలికాలంలో చలిజ్వరం వచ్చింది. అప్పట్లో చలిజ్వరం అంటే అందరికీ ఇచ్చే మందు క్వినైన్. నాకూ ఇచ్చారు. జ్వరం తగ్గుతుండగా మెడ పూర్తిగా వాలిపోయింది. దవడ వేలాడింది. శ్వాస పైపైనే ఆడేది, లోపలికి దిగేది కాదు. పడుకుంటే మునిగిపోతున్నట్టుండేది. ఈ జబ్బున్నవాళ్ళకు క్వినైన్ పడదని తర్వాత హైదరాబాదులో తెలిసింది. ఇచ్చినాయన తప్పు లేదు, నా జబ్బేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. కానీ నీ జబ్బేమిటో నీకు తెలుసు. ఏ జ్వరానికి ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఈ మాట చెప్పి, తర్వాతే నాలుక చూపించు.

మందు ఆపాక గోడకు ఆనించి కూర్చోబెడితే కొంచెం తేరుకున్నాను. యాదమ్మ నన్ను హైదరాబాదు బస్సు ఎక్కించింది. కొండమల్లేపల్లి దాటినప్పటి నుంచి దారి పొడుగునా వాలిపోతున్న నా గడ్డం కింద అరచేయి పెట్టి పట్టుకొనే కూర్చుంది. ఎదుటి సీట్లో తట్ట పెట్టుకున్న ఒక పెద్దామె చూసి చూసి ఊరుకోలేకపోయింది.

"గదేందే బిడ్డా, మొగని గదుమ పట్టుకొని గంత బతిమాలుతున్నవ్? అలిగిండా?"

"ఔ అవ్వా, పుట్టినప్పటిసంది అలిగే ఉన్నడు."

బస్సంతా నవ్వారు. పెద్దామె తట్టలోంచి సీతాఫలం తీసి, గుజ్జు వేరు చేసి, నేను మింగగలిగేట్టు ఆకులో పెట్టి ఇచ్చింది. యాదమ్మ చేయి అప్పటికే తిమ్మిరెక్కి ఉంటుంది. చేయి మార్చింది గానీ తీయలేదు.

పెద్ద దవాఖాన వరండాలో మాలాంటి వాళ్ళు బారులుగా కూర్చొని ఉన్నారు. డాక్టరు గుంటూరు వైపు మనిషి, వయసులో నాకన్నా కొంచెమే పెద్ద. నన్ను ఏమీ అడగకముందే పైకప్పుకు ఉన్న ఇనుప కొక్కెం చూపించాడు.

"మాస్టారూ, దాన్నే చూస్తూ ఉండండి. నేను చాలనేవరకు కళ్ళు దించకండి."

చూశాను. కొక్కెం రెండయింది. తర్వాత రెప్పలు ఆగి ఆగి దిగాయి, సాయంత్రం బజారులో ఒక్కో దుకాణం తలుపు దించినట్టు. చీకటయింది. చేతికి ఒక సూది వేశారు. కాసేపటికి రెప్పల వెనక ఏదో కదిలింది. తెరిచాను. ఎదురుగా యాదమ్మ ఉంది. ఒక్కతే ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె ముఖానికి రెండు అంచులు లేవు. ముక్కుపుడక ఒక్కటే. ఆమె కూడా నన్ను చూసింది.

"ఇగో, నా మొగడు వచ్చిండు" అని ఏడ్చింది.

డాక్టరు మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఇది కాసేపే. జబ్బేదో తేల్చుకోవడానికి వేసిన మందు." చెప్పినట్టే నేను చూస్తుండగానే ఆమె మళ్ళీ ఇద్దరయింది. కానీ ఇది కండరాలు అలసి వాలిపోయే జబ్బని, దానికి ఒక పేరుందని, ఇది కల్లు కాదని, చేతబడి కాదని, నా సోమరితనం కాదని ఆనాడు తెలిసింది. ఆ తెలివిడే నాకు మొదటి మందు.

*1963, ఎండాకాలం*

మాత్రలతో నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. మధ్యలో మా బిడ్డ సరోజ పుట్టింది. దాని ముందు మాత్రం నవ్వకుండా ఉండలేకపోయేవాణ్ణి. నేను నవ్వితే అది బెదిరిపోయి మా బాపు గొంగట్లోకి దూరేది. "తిట్టిండు" అని నా మీద చాడీ చెప్పేది. మిగతావన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను. బిడ్డ నన్ను కోపిష్టి అనుకుంటూ పెరగడం మాత్రం ఓర్చుకోలేకపోయాను.

మాత్రలు పనిచేసే సేపు రానురాను తగ్గింది. మళ్ళీ హైదరాబాదు. ఈసారి బాపు, మల్లమ్మ కూడా వచ్చారు. మల్లమ్మ చేతుల మీద, మెడ మీద బొల్లి మచ్చలుండేవి. వాటి మూలంగా ఊళ్ళో చాలా మాటలు పడింది. ఆమె నాకు జావ పట్టిస్తుంటే డాక్టరు వచ్చి, నా కళ్ళ కన్నా ముందు ఆమె చేతుల్నే చూశాడు.

"ఈమె మీ చెల్లెలా?"

తలూపాను. ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. రోగాలతో కొట్లాడడానికి ఒంట్లో కాపలా ఉంటుంది. నా ఒంట్లో అది సొంత కండరాల మీదనే పడింది. మా చెల్లెలి ఒంట్లో అటువంటిదే చర్మం రంగు మీద పడి ఉండవచ్చు. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నపిల్లల్లో పెద్దగా ఉండి, వయసొచ్చిన కొద్దీ కరిగిపోతుంది. అది దేనికుందో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు, కాపలా తయారయ్యేది అక్కడేనని ఇప్పుడిప్పుడే అంటున్నారు. అది తీసేస్తే కొందరికి మేలవుతున్నది.

"గొర్రెపిల్లకు ఉంటది గది" అన్నాడు బాపు. "తెల్లగ, మెత్తగ. పిల్లగాండ్లకు వండిపెడుతం. ముసలి గొర్రెకు గాడ కొవ్వే ఉంటది."

"అదే, పెద్దాయనా, సరిగ్గా అదే."

"గది తియ్యాలంటె రొమ్ము చీల్చాలె గద డాక్టర్ సాబ్?"

"చీల్చాలి."

బాపు లేచి నిలబడ్డాడు. "నేను జిందగీల ఎన్ని గొర్రెల రొమ్ములు చీల్చిన్నో నాకెరుక. చీల్చినంక ఒక్కటన్న లేచి గడ్డి మేసిందా? నడువు రాములూ, ఇంటికి పోదం."

యాదమ్మ అడిగింది మాత్రం వేరే. "సారూ, మా బిడ్డకు వస్తదా గిది?"

డాక్టరు ఆలోచించి చెప్పాడు. "జబ్బే వస్తుందని చెప్పలేనమ్మా. ఒకే ఇంట్లో అన్నకొకటి, చెల్లెలికొకటి వచ్చిందంటే రక్తంలో ఇటువంటి జబ్బుల వైపు ఒక మొగ్గు ఉండొచ్చు. మొగ్గున్న వాళ్ళందరికీ జబ్బు రాదు."

ఇంటికి వచ్చాం. ఇంట్లో ఎవరి మాట ఎవరికీ రుచించని రోజులు. బాపు దేవరకొండకు వచ్చినప్పుడల్లా, ఆపరేషన్ మాటెత్తితే చాలు, గొంగడి దులుపుకొని లేచేవాడు. యాదమ్మ ఆయన మీద కోపం గిన్నెల మీద చూపించేది. చివరికి ఒక ఉదయం నా రెప్పలు తెరిచి ఉండగానే ఊరికి పోయి, ఆయనతో మంద దగ్గర కూర్చున్నాను. కుక్కపిల్లలు గొర్రెపిల్లల కొట్టంలో పడుకొని ఉన్నాయి.

కాపలా కుక్కల్ని తయారుచేసే పద్ధతి మాకు ఒకటుంది. కళ్ళు తెరవకముందే కుక్కపిల్లల్ని గొర్రెపిల్లల మధ్య వేస్తారు. ఆ వాసనలో, ఆ వెచ్చదనంలో పెరిగి మందను తన ఇల్లనుకుంటాయి. కొంచెం పెద్దయ్యాక బాపు వాటిని చూస్తూ కూర్చునేవాడు. తోడేలు వాసనకు కూడా లేవని పిల్లను తీసేసేవాడు, అది కాపలాకు పనికిరాదు. గొర్రెపిల్ల చెవి కొరికే పిల్లనూ తీసేసేవాడు. రెంటికీ మధ్య ఉన్నవే మందతో పోయేవి. మందలో ఒక ముసలి కుక్క ఉండేది. కుర్ర కుక్కలు ఉత్త పుణ్యానికి మీదపడబోతే అది ఒక్కసారి గుర్రుమనేది, అవి ఆగిపోయేవి.

"బాపూ, నా రొమ్ముల ఉన్నది గిసుంటి కొట్టమే" అన్నాను. "చెవులు కొరికేటి పిల్లల్ని ఏరి తియ్యాల్సిన కాడ తియ్యలే. అవి మందలకొచ్చి నన్నే కరుస్తున్నయ్."

బాపు కొట్టంలోకి వంగాడు. ఒక కుక్కపిల్లను ఎత్తి ఒళ్ళో వేసుకున్నాడు.

"పోయిన ఈతల అయిదు పిల్లలు. తల్లి ఒక్కతే, కొట్టం ఒక్కటే. అండ్ల ఒక్కటే కరిసింది" అన్నాడు. "దాని తల్లి కూడ చిన్నప్పుడు జర కొరికేదే. జాతిల ఉన్నది కొంత, పెంపకంల తప్పింది కొంత." తర్వాత నా వైపు తిరిగాడు. "గనీ రాములూ, ఇప్పటికే మందల తిరిగే కుక్కలు ఉన్నయ్ గద? ఉత్త కొట్టం పీకేస్తె అవి కరుసుడు బంద్ జేస్తయా?"

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఇదే అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు. "మానవు మాస్టారూ. అవి ముసలివై పోవాలి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. కొందరికి మానకనే పోవచ్చు. ఆపరేషన్ బల్ల మీదే పోయినవాళ్ళూ ఉన్నారు. అబద్ధం చెప్పను."

సునీతా, నువ్వు అడిగిన భయం ఇక్కడిది. అదంతా విని కూడా ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. నిన్నటిదాకా లేని ప్రేమ నాకు నా రొమ్ము ఎముక మీద పుట్టింది. స్నానం చేస్తూ దాన్ని తడిమి చూసుకునేవాణ్ణి. ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద యాదమ్మ వేలిముద్ర వేసింది. బాపు ఆమె చేతిని చూస్తూ నిలబడ్డాడు, ఆపలేదు.

ఆపరేషన్ రోజంతా ఆయన వరండాలో గొంగడి కప్పుకొని గోడవార కూర్చున్నాడట. వార్డులో పనిచేసే మనిషి "ఓ పెద్దమనిషీ, గొర్రె వాసన కొడుతాంది, గొంగడి బయట పెట్టు" అంటే, "లోపల నా కొడుకు ఉన్నడు. వాసన తగిలితె ఇంటోళ్ళున్నరని ఎరుకైతది" అన్నాడట. ఆ మనిషి ఏమనుకున్నాడో ఏమో, కాసేపటికి చాయ్ తెచ్చి ఇచ్చాడని యాదమ్మ చెప్పింది.

*1963 నుంచి 1965 దాకా*

ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిచాక మొదట తెలిసింది నొప్పి. దగ్గితే ఎముక విడిపోతుందేమో అనిపించేది. ఛాతీకి తలగడ అదిమి పట్టుకొని దగ్గడం అక్కడి నర్సు నేర్పింది. నువ్వూ అట్లాగే చెయ్యి. ఇప్పుడు చిన్న రంధ్రాలు పెట్టి తీస్తున్నారట, నీకు ఇంత బాధ ఉండకపోవచ్చు.

నొప్పి తగ్గింది గానీ జబ్బు తగ్గలేదు. ఏడాది గడిచినా సాయంత్రానికి రెప్పలు వాలుతూనే ఉన్నాయి, మాత్రలు మింగుతూనే ఉన్నాను. యాదమ్మ ఓపిక ఒకనాడు తెగింది.

"గంత కోయిచ్చుకొని ఏమొచ్చె? ఏలుముద్ర వేసిన నా చెయ్యి నరుక్కోవాలె."

"డాక్టర్ రెండేండ్లన్నడు గద" అన్నాను.

"నువ్వు, మీ బాపు, మీ కుక్కలు!"

అన్నదే గానీ ఆ పూట కూడా రొట్టె పాలలో నానబెట్టే పెట్టింది. నాకూ లోపల ఆశ చచ్చిపోతుండేది. డైరీ రాయడం పొద్దుటికి మార్చుకున్నాను, సాయంత్రం రాసిందంతా చీకటిగా ఉంటున్నదని.

నీకు వైద్యం చేసే డాక్టరమ్మ మొన్న నాతో ఫోన్లో మాట్లాడింది. ఆ కాపలాలో ఒక రకాన్ని ఇప్పుడు టి కణాలంటారట. పుట్టుకతో వచ్చిన జన్యువులు కొంత, థైమస్‌లో జరిగే ఏరివేత కొంత కలిసి వాటి తీరును నిర్ణయిస్తాయట. చేతకాని వాటిని, సొంత ఒంటిని కరిచే వాటిని థైమస్ చాలామటుకు అక్కడే ఆపేస్తుంది. కొన్ని తప్పించుకుంటాయి. వాటిని అదుపులో పెట్టడానికి మళ్ళీ ఇంకో రకం టి కణాలున్నాయట. నేను మా ముసలి కుక్క సంగతి చెప్పాను. "అచ్చం అదే అనలేను గానీ, దగ్గరగా ఉంది తాతగారూ" అన్నది. మల్లమ్మ మచ్చలు, నా రెప్పలు, నీ రెప్ప ఒకే మొగ్గులోంచి వచ్చి ఉండవచ్చని కూడా అన్నది. సరోజకు ఇప్పుడు మనుమలున్నారు. దానికి ఏమీ రాలేదు. ఎందుకు రాలేదో ఆ డాక్టరమ్మకూ తెలియదు. మొగ్గు ఉండటం, వాలిపోవటం ఒకటి కాదు. పిల్లా, ఇది నీ తప్పు కాదు, మీ అమ్మ తప్పు కాదు, మల్లమ్మది అసలే కాదు.

*1966, వానాకాలం*

ఇది చివరికి దాచుకున్నాను.

ఆ రోజు స్కూలు వదిలాక ఊరికి పోయాను. పొద్దు కుంకుతుండగా మంద మళ్ళింది. దుమ్ములోంచి గొర్రెలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి గానీ నాకు తట్టలేదు, ఒక్కో గొర్రె ఒక్కటిగానే కనిపిస్తున్నదని. తల వెనక్కి వంచలేదు, వేలితో రెప్ప ఎత్తలేదు. సాయంత్రమది. మంద ముందు బాపు, బాపు పక్కన సరోజ. దాని చేతిలో ఒక కుక్కపిల్ల. అది చెవులు కొరికిన జాతిలోదే. ఈసారి బాపు దాన్ని తీసెయ్యకుండా కొట్టంలో ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఉంచి, పక్కనే కూర్చొని పెంచాడు.

సరోజ నన్ను చూసి ఆగింది. అలవాటుగా తాత గొంగడి అంచు పట్టుకుంది. నా ముఖం కేసి కాసేపు చూసింది. తర్వాత గొంగడి వదిలేసి దగ్గరికి వచ్చింది.

"నాయినా, ఎందుకు నవ్వుతున్నవ్?"